మేస్త్రీ గారి కొడుకు

మాకు తెలుగు చెప్పిన మాస్టారు పోయారని సత్తెనపల్లి నుంచి ఫోన్ వచ్చేసరికి నేను క్లాసులో ఉన్నాను. ఆ పూట పాఠం సాగలేదు. పిల్లలకు ఆయన గురించే చెప్పాను. మీకూ అదే చెబుతున్నాను.

నెమ్మది మనిషి. తప్పు చదివితే కొట్టేవారు కాదు. "మళ్లీ చదువమ్మా, మాట నొచ్చుకుంటుంది" అనేవారు. ఒకరోజు ఓడలెక్కి మన భాషలోకి వచ్చిన మాటలు చెబుతూ బోర్డు మీద 'మేస్త్రీ' అని రాశారు.

"ఇది పోర్చుగీసు వాళ్లది. వాళ్లు మెస్త్రె అంటారు. పక్కనే స్పెయిన్‌లో మాయెస్త్రొ. పనిలో చెయ్యి తిరిగినవాణ్ణీ అదే అంటారు, బళ్లో పాఠం చెప్పేవాణ్ణీ అదే అంటారు. మీరు నన్ను పిలిచే మాస్టారు కూడా అదే లాటిన్ మాట నుంచి, ఇంగ్లీషు దారిలో వచ్చిందే."

అక్కడ ఆగి, తల వంచుకుని, తన సంగతి చెప్పారు.

ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో బళ్లో గది కట్టడానికి వచ్చిన మేస్త్రీ ఆయన తండ్రే. ఒళ్లంతా సిమెంటుతో నిలబడ్డ ఆ మనిషిని చూపించి హెడ్మాస్టరు "మీకు తెలిసినాయనా?" అని అడిగితే, ఈయన "మా ఊరి మేస్త్రీ అండి" అన్నారట. తండ్రి విన్నాడు. "అవునండి, మాస్టారు గారిది మా ఊరే" అన్నాడు. గది పూర్తయ్యేదాకా కొడుకుని 'అండి' అనే పిలిచాడు.

"డిక్షనరీలో ఈ మాట చూసిన రోజు సిగ్గుతో చచ్చిపోయానర్రా. ఆ సిగ్గు పుట్టడానికి డిక్షనరీ కావాల్సొచ్చిందని ఇంకా సిగ్గు. మేస్త్రీ, మాస్టారు వేరు వేరు మాటలే అయితే మాత్రం, ఆయన నాకు తండ్రి కాకుండా పోతాడా? ఇంటికెళ్లి కాళ్లు పట్టుకున్నాను. 'నువ్వేం అబద్ధం చెప్పావురా? మన ఊరే గదా!' అన్నాడు. తిట్టినా బాగుండేది."

మర్నాడు తండ్రిని స్టాఫ్ రూముకి తీసుకెళ్లి, అందరి ముందూ "మా నాన్నగారండి" అని చెప్పారట. కుర్చీ వేసినా ఆ పెద్దాయన కూర్చోలేదు. కొడుకూ కూర్చోలేదు.

పోయినేడు మిరప కోతలప్పుడు మాస్టార్ని రోడ్డు మీద చూశాను. గోతాల్లో కుక్కిన మిర్చి టిక్కీల లారీలు దుమ్ము రేపుకుంటూ పోతున్నాయి. ఎవరిదో ఇల్లు కడుతుంటే దాని ముందు ఆగి, పైన పని చేస్తున్న మేస్త్రీకి రెండు చేతులూ జోడించారు. ఈయనెవరో ఆ మనిషికి తెలియదు. కాస్త తికమకపడి, చేతిలో తాపీ వదలకుండానే, తనూ దణ్ణం పెట్టాడు.