చావునాడు పరిచిన షత్రంజి

జనగామలో మా బాపు షత్రంజీలు నేసేవాడు. నేల మీద పరిచే ఆ మందపాటి నూలు జంపఖానాల మీద ఊళ్లో ఎన్ని పెళ్లిళ్లయ్యాయో. మా ఇంట్లో మాత్రం చాపే. చూపు తగ్గి మగ్గం మానేసే ముందు మా కోసం ఒకటి నేశాడు. ఎరుపు, నీలం పట్టీలు. చివరి నీలం పట్టీ కాస్త వంకరపోయింది. దాన్ని చేత్తో తడిమి, "పోనీ తియ్, పదిమంది కూసుంటే వంకర కనవడదు" అన్నాడు.

మహబూబాబాద్‌లో అన్న కూతురికి చీర కట్టించే ఫంక్షన్ అయితే, బాపు దాన్ని చుట్టి భుజాన వేసుకొని రైల్లో తీసుకెళ్లాడు. వదిన ఒక మడత విప్పి చూసింది.

"గీ వంకర దాని మీద మావోళ్లు కూసుంటరా మామా? టెంట్‌హౌసోళ్లు కార్పెట్లు తెస్తున్నరు."

బాపు మళ్లీ చుట్టి భుజానికెత్తుకున్నాడు. అన్న ఫోన్ చూసుకుంటూ నిలబడ్డాడు.

ఆ మాట వదిన మరిచిపోయిందట. నేను మరవలేదు.

బాపు పోయిన రోజు నేను మా అత్తగారి ఊరు భూపాలపల్లి నుంచి జనగామ చేరేసరికి, పరామర్శకు వచ్చినవాళ్లు ఆ షత్రంజి మీదే కూర్చొని ఉన్నారు. పెట్టెలోంచి తీసి పరిచింది వదినే. చావింట్లో పరిచినదాన్ని కర్మ ముగిశాక చాకలి అవ్వకు ఇచ్చేయడం మా ఆనవాయితీ. అది వదినకు తెలియక కాదు.

కర్మనాడు దాన్ని చుట్టి చంకన పెట్టుకున్నాను.

"మైలది చెల్లె. ఇంట్లకు తీస్కపోతరా ఎవలన్న?" అన్నాడు అన్న.

"ఫంక్షన్‌కు పనికిరానిది చావుకెట్ల పనికొచ్చిందన్నా?"

చాకలి అవ్వే అంది: "నాకెందుకు బిడ్డా మీ పంచాది? తీస్కపో. మీ వదిననే బీరువల నుంచి మంచి దుప్పటి ఒకటి తియ్యమను."

వదిన ముఖం అప్పుడు చూడాలి.

భూపాలపల్లిలో మా ఆయన దాన్ని గడప దాటనివ్వలేదు. "మొండికేసి తెచ్చినవ్ గద, నువ్వే కూసో" అన్నాడు. రెండుసార్లు ఉతికాను, పసుపు నీళ్లు చల్లాను. అయినా వరండాలో పరిస్తే పిల్లలు పక్కనుంచి పోతారు. వచ్చినవాళ్లు సంగతి తెలిసి కుర్చీ అడుగుతారు.

సాయంత్రం పూట పరిచి, ఒక చివరన కూర్చుంటాను. అటు చివర వంకర పట్టీ స్పష్టంగా కనబడుతూనే ఉంటుంది.