డబ్బాలోని రెండు పళ్లు

2022 వానాకాలం. నాచారంలో ఒక పళ్ల క్లినిక్‌లో ఆయాను. పేషెంట్లను పిలవడం, పనిముట్లు కడిగి ఆటోక్లేవ్‌లో, అంటే ఆవిరితో క్రిములను చంపే పెట్టెలో పెట్టడం నా పని. పీకిన పళ్లు కడిగేదీ నేనే. చెడిన పన్నుకు రంధ్రమో, నల్లబడిన వేరో, ఏదో ఒక గుర్తు ఉంటుంది.

ఒక ఉదయం ఉప్పల్ నుంచి మరియమ్మ వచ్చింది. బట్టలు కుట్టే మనిషి, నలభై దాటలేదు. కుడి దవడ నొప్పికి వేరేచోట అప్పటికే రెండు పళ్లు తీయించుకుంది. నొప్పి తగ్గలేదు. ఎక్స్‌రేలో ఇంకో పన్ను దగ్గర సన్నని నీడ కనిపించింది. అదీ తీసేయమని పట్టుబడితే మా డాక్టరమ్మ ఒప్పుకున్నారు.

మరియమ్మ బెంచీ మీద కూర్చుని సంచిలోంచి చిన్న డబ్బా తీసి నాకు చూపింది. లోపల ఆ రెండు పళ్లు.

“ఎందుకు దాసుకున్నవ్ బిడ్డా?”

“నావే గద పెద్దమ్మా. పారెయ్య బుద్ధి కాలే.”

వెలుతురులో తిప్పి చూశాను. వేర్లతో సహా శుభ్రంగా ఉన్నాయి, రంధ్రం గానీ నలుపు గానీ లేదు. అంతలో ఆమెకు దగ్గు వచ్చింది. ఒక చెయ్యి దవడకు, ఇంకోటి మెడ వెనక్కి పోయింది.

“దగ్గితే గిట్లనే అయితదా?”

“నవ్వినా గంతే, మిషన్ మీదికి వంగినా గంతే. మెడ ఎనుకకెల్లి లేస్తది. పండ్ల డాక్టర్‌కు మెడ ముచ్చట ఎందుకని చెప్పలే.”

ఇంతలో లోపలికి పిలిచారు. పేషెంటు ఎదుట ఆయా వైద్యం గురించి మాట్లాడకూడదన్నది మా దగ్గర నియమం. డాక్టరమ్మ మత్తు సూది సిద్ధం చేస్తున్నారు. యాభై దాటాక చర్చి సాయంత్రం బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. నోటితో చెప్పకూడదు గనుక ఆమె టోకెన్ చీటీ వెనక రాశాను: ‘తీసిన రెండు పళ్లూ మంచివే. దగ్గితే మెడ వెనక నుంచి నొప్పి.’ డబ్బాతో పాటు ట్రేలో పెట్టి అందించాను.

డాక్టరమ్మ చదివారు, డబ్బా తెరిచారు. సూది పక్కన పెట్టి, “ఒకసారి దగ్గమ్మా” అన్నారు. మరియమ్మ చెయ్యి మళ్లీ మెడ వెనక్కి పోయింది.

“మెడ గురించి నేను అడగనేలేదు,” అన్నారు మెల్లగా. పన్ను తీయకుండా నరాల డాక్టరు దగ్గరికి పంపారు.

ఎంఆర్ఐ స్కాన్‌లో బయటపడింది. పుర్రె అడుగు భాగం పుట్టుకతోనే సరిగా ఏర్పడలేదు. చిన్న మెదడు కొస మెడలోకి జారి నరాల మీద ఒత్తిడి పెడుతోంది. ముఖంలో నొప్పి అక్కడి నుంచే వస్తోందని చెప్పి ఆపరేషన్ చేశారు.

కొన్ని నెలలకు మరియమ్మ వచ్చింది. నొప్పి చాలావరకు పోయిందట. డబ్బా ఊపి, “వీటిని మళ్ల పెడ్తరా పెద్దమ్మా?” అంది.

“పెట్టరు బిడ్డా. ఉన్నయి కాపాడుకో.”

అప్పుడు ఆమె నవ్వింది. చెయ్యి దవడకు పోలేదు.

పన్ను నొప్పి అని వచ్చినవాళ్లను, ఇంకెక్కడ నొస్తుందని అడగాలని నేర్చుకున్నాను. వాళ్లు చెప్పింది టోకెన్ వెనక రాస్తాను. సూది పట్టే ముందు డాక్టరమ్మ ఆ టోకెన్ తిప్పి చూస్తారు.