గంగారాం తిప్పిన తాళం

తాళాల గుత్తి బల్ల మీద పడిన చప్పుడు వింటే చాలు, దోహా ఎండకు కాగిన కారులోని వాసన ముక్కుకు తగులుతుంది. దాని వెంటే గంగారాం గుర్తొస్తాడు. నిజామాబాద్ జిల్లా మనిషి, మా గ్యారేజీలో పెద్ద మెకానిక్. నేనక్కడ గుమాస్తాను, హేతువాద సభల్లో వాదించి గెలిచిన గర్వం దిగకుండానే విమానం దిగినవాణ్ణి.

ప్రపంచకప్పు కోసం నగరమంతా తవ్విపోస్తున్న రోజులవి. ఒక మధ్యాహ్నం దారి మళ్లింపులన్నీ తిరిగి గంగారాం, నేను నగర శివార్లలోని ఐన్ ఖాలిద్‌లోని ఒక ఇంటికి చేరాం. ఆ ఇంటి డ్రైవర్, కడప మనిషి ఓబులేసు చెమటతో తడిసి నిలబడి ఉన్నాడు.

“నేనే వైర్లు కెలికినానంటాడన్నా యజమాని. పిల్లోళ్ల బడి వదిలేలోగా బండి కదలకుంటే ఊరికి పంపిచ్చానన్నాడు.”

గంగారాం తాళం తిప్పాడు. లైట్లు వెలిగాయి, ఇంజను ఉలకలేదు. స్టీరింగు వెనక మీటర్ల పక్కన ఎర్రటి తాళం బొమ్మ మిణుకుమంది.

“బ్యాటరీ మంచిగనే ఉంది. బండే తాళాన్ని గుర్తుపడ్తలేదు. నిన్ను దొంగ అనుకుంటుంది.”

“ఆయప్పా అట్లే అనుకుంటాండాడు!”

ఆ ఉదయమే ఓబులేసు, ఊరి నుంచి వచ్చిన రాగి తాయెత్తును ఇంట్లోని రెండు కార్ల తాళాలకూ కలిపి ఒకే దారంతో కట్టాడట, రెండిటికీ రక్షగా ఉంటుందని. నేనిక ఆగలేదు.

“చూశావా! రక్ష అనుకున్నదే ఉద్యోగానికి ఎసరు పెట్టింది. ఆ రాగే అడ్డు. తీసి పారెయ్!”

“జర ఆగు మాస్టరూ. బండికి నీ ఉపన్యాసం సమజ్ కాదు.”

గంగారాం తాయెత్తు ఒక్కటే విప్పి ఓబులేసు చేతిలో పెట్టాడు. బండి కదల్లేదు. తర్వాత రెండో కారు తాళం విప్పి దూరంగా పెట్టించాడు. ఇంజను అందుకుంది. తాయెత్తు మళ్లీ కట్టాడు. అయినా అందుకుంది. రెండో తాళం తెచ్చి ఆనించాడు. మొరాయించింది.

“రెండు తాళాలల్ల చిప్పులుంటయి. రెండూ ఒక్కసారే మాట్లాడితే బండి ఎవరి మాట వినాలె?”

యజమానిని పిలిచి, ఆయన చేతనే రెండు విధాలా తిప్పించాడు. ఆయన ఓబులేసు భుజం తట్టి, “యల్లా, స్కూల్!” అని బడికి బయల్దేరమన్నాడు.

తిరుగు దారిలో నేను పట్టు విడవలేదు. “తాయెత్తు దేనికీ పనికిరాదని తేలిందిగా?”

“తేలింది. కానీ నువ్వు తేల్చలె. రాగే అడ్డని ముందే నమ్మినవ్.”

మూఢనమ్మకాల మీద నా కోపం నేటికీ రవ్వంత తగ్గలేదు, తగ్గదు. కానీ వేదిక ఎక్కేముందు, నాకు అన్నిటికన్నా నచ్చిన వాదనను అన్నిటికన్నా గట్టిగా నిలదీస్తాను. రెండుసార్లు అది నిలవలేదు. ఆ రెండుసార్లూ సభలో లేచి, నేను పొరబడ్డానని చెప్పి కూర్చున్నాను.