ఆయుధపూజ నాడు మార్చిన ర్యామ్

చల్లకొచ్చి ముంత దాచడం ఎందుకు? నా బల్ల సొరుగులో పాడైపోయిన ర్యామ్, అదే కంప్యూటర్ మెమరీ పట్టీ, ఒకటి ఉంది. జానెడు కూడా ఉండదు, అరచేతిలో పెడితే బరువే తెలియదు. ఇన్నేళ్లుగా నేను మోస్తున్నది దాన్నే. పారేయొచ్చుగా అంటారు. పారేస్తే మాత్రం చేసింది పోతుందా?

నాది పాలకొల్లులో కంప్యూటర్లు బాగుచేసే కొట్టు. నా పేరు వద్దు. నేను పగబట్టిన పెద్దమనిషి పేరూ వద్దు, ప్రెస్సాయన అందాం. పెళ్లికార్డులు, కరపత్రాలు అచ్చువేస్తాడు. ఒకసారి ఆయన కంప్యూటర్‌కి కొత్త ర్యామ్ వేశాను. మర్నాడు కబురుపెట్టాడు, పాతది కనబడటం లేదని. కార్డుల కోసం వచ్చిన పెళ్లివాళ్లు కూర్చుని ఉండగానే నా సంచీ బల్ల మీద బోర్లించాడు. స్క్రూలు నేల మీదికి దొర్లిపోయాయి. చొక్కా జేబులు కూడా తిరగేసి చూపించమన్నాడు. చూపించాను. ఎందుకు చూపించాను? అక్కడే తిరగబడి ఉంటే ఇదంతా జరిగేది కాదేమో. ఆ తర్వాత కొద్దిరోజులకే ఆ ర్యామ్ ఆయన సొరుగులోనే దొరికింది. తప్పయిందన్నాడా? లేదు. "ఏదో అన్నాన్లేవోయ్, మనసులో పెట్టుకోకు" అన్నాడు, నవ్వుతూ. పెట్టుకున్నాను.

మా వైపు ఆయుధపూజంటే కంప్యూటర్లకీ పూజే. పొద్దున్నే మాలాంటివాళ్లం వెళ్లి, పెట్టె విప్పి, దుమ్ము ఊది, ర్యామ్ తీసి దాని అంచుల్ని పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్లీ బిగిస్తాం. ఆ తర్వాత పసుపు, బొట్టు, నిమ్మకాయ. ఆ దసరాకి ప్రెస్సాయన కంప్యూటర్లోని మంచి ర్యామ్ జేబులో వేసుకుని, ఎవరో వదిలేసిపోయిన చెడ్డది బిగించాను. దొంగ అన్నాడుగా, దొంగనే అయ్యాను. చెడ్డదంటే అసలు పనిచేయనిది కాదు. చల్లగా ఉన్నంతసేపూ బుద్ధిగా ఉంటుంది. వేడెక్కాక, పని మధ్యలో, తెర నీలంగా మారి అంతా ఆగిపోతుంది. ఏరి మరీ పెట్టాను. తప్పనిపించిందా? లేదు. బొట్టు కూడా నేనే పెట్టాను.

కార్తీకంలో ముహూర్తాలు మొదలయ్యాయి. కార్డు సగం కూర్చేసరికి తెర నీలం. మళ్లీ ఆన్ చేస్తే కాసేపటికి మళ్లీ నీలం. ప్రెస్సాయన నన్నే పిలిచాడు. కంప్యూటర్ పదేపదే ఆగిపోతుంటే మేం చూసే వరస ఒకటుంది. ఫ్యాను తిరుగుతోందా, పవర్ సప్లై కరెంటు సరిగ్గా ఇస్తోందా అని చూసి, ర్యామ్ తీసి వేరేది పెట్టి చూస్తాం. నేను ర్యామ్ జోలికి తప్ప అన్నిటి జోలికీ వెళ్లాను. ఫ్యాను మార్చాను. పవర్ సప్లై మార్చాను. విండోస్ మళ్లీ ఎక్కించాను. ఆయన మొహం వాడిపోతుంటే నా కడుపు నిండేది. చివరికి వాస్తు సిద్ధాంతిని తీసుకొచ్చాడు. ఈశాన్యంలో ఇలాంటి యంత్రం ఉండకూడదట. బల్లకి ఓ పక్క నేనే చెయ్యేసి ఆగ్నేయానికి జరిపాను. లోలోపల ఎంత నవ్వుకున్నానో!

ఆ నవ్వుతోనే ఆపి ఉండాల్సింది.

ఆ కంప్యూటర్ మీద పనిచేసేది సువార్త గారు. ఈ పేరు నేను పెట్టిందే. భర్త నడుం దెబ్బతిని మంచాన ఉన్నాడు, ఇల్లు ఆవిడ జీతం మీదే నడిచేది. ఓ రోజు నేను పెట్టె మూసేస్తుంటే, ఆవిడ ప్రెస్సాయన ఎదుటే అడిగారు.

"ఆయుధపూజకి మీరు విప్పి దులిపాకే ఇది మొదలైందండి. లోపల ర్యామ్ సరిగ్గా కూర్చుందో లేదో ఒక్కసారి చూడండి."

ప్రెస్సాయన నా వంక చూశాడు. జేబులు తిరగేయించిన రోజు చూసిన చూపే.

"లోపలంతా బానే ఉందండి. ఎవరో పెన్‌డ్రైవ్ పెట్టారు. వైరస్" అన్నాను.

అక్కడ పెన్‌డ్రైవ్ తెచ్చేది ఆవిడొక్కరే. వాళ్ల చర్చి క్రిస్మస్ కరపత్రాలు అందులో తెచ్చుకుని, భోజనాల వేళ కూర్చుకునేవారు. అది నాకు తెలుసు. తెలిసే అన్నానా, భయపడి అన్నానా? ఇన్నేళ్లుగా నన్ను నేను అడుక్కుంటున్నాను, ఒక్కో రోజు ఒక్కో జవాబు చెప్పుకుంటున్నాను, ఏదీ మర్నాటిదాకా నిలబడటం లేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపించానని సరిపెట్టుకుందామంటే, దుత్త పగిలితే ఇంకోటి తెచ్చుకుంటారు. ప్రెస్సాయన ఆవిణ్ణి ఆ సాయంత్రమే పనిలోంచి మానిపించేశాడు.

ఇంతకన్నా ఘోరం ఆ తర్వాత చేశాను. నాకు బెంగ పట్టుకుంది. ఇక చాలనుకుని, ఏదో వంకతో వెళ్లి, చెడ్డది తీసి తెచ్చేసుకుని, మంచి ర్యామ్ తిరిగి పెట్టేశాను. కంప్యూటర్ బాగుపడింది. దిద్దుకున్నాననే అనుకున్నాను. ప్రెస్సాయన మాత్రం ఆవిడ వెళ్లగానే బాగైపోయిందని వచ్చినవాళ్లందరికీ చెప్పాడు. ఆ మాటతో ఊళ్లో ఏ డీటీపీ సెంటర్‌లోనూ ఆవిడకి పని దొరకలేదు. ఆయనకేం, ముహూర్తాలు ఇంకా ఉన్నాయి. నాకు కాఫీ తెప్పించి, నీలాంటి నమ్మకస్తుడు లేడన్నాడు. తాగాను కూడా. మీ దగ్గర దాపరికం ఎందుకు, ఆయన మీద నా కసి ఇవాళ్టికీ చల్లారలేదు. అవకాశమొస్తే మళ్లీ ఏడిపిస్తాను. ఆయన్ని ఒక్కణ్ణే.

మొన్న సువార్త గారు మా కొట్టుకి వచ్చారు, కూతుర్ని వెంటబెట్టుకుని, కూతురి కంప్యూటర్ ఆటోలో వేసుకుని. మాటిమాటికీ ఆగిపోతోందట. ర్యామ్ తీసి, రబ్బరుతో రుద్ది, బిగించాను. అంతే, ఆగకుండా నడిచింది. మీరూ ఓసారి ఆన్ చేసి చూసుకోండి అన్నాను. ఆవిడ వెనక్కి జరిగారు.

"అమ్మాయి చేస్తుందిలెండి. నా చెయ్యి పడితే చెడిపోతాయి, మీకు తెలుసుగా."

దెప్పిపొడవలేదు. నమ్మి అన్నారు. నేనాడిన ఆ ఒక్క అబద్ధాన్నీ, దాని మీద ప్రెస్సాయన ఊరంతా చెప్పిన మాటనీ ఇన్నాళ్లూ నిజమని నమ్ముతూ బతికారు. సొరుగు నా మోకాలికి తగులుతూనే ఉంది. నోరు తెరిచాను. ఆటోలో పెట్టేటప్పుడు జాగ్రత్తండీ అని మాత్రం అన్నాను.

ఆవిడకి చెప్పే ధైర్యం ఎప్పటికైనా వస్తుందో రాదో తెలియదు. మీకు మాత్రం చెప్పేశాను. ఆవిడ చెయ్యి మంచిదే. ఆ కంప్యూటర్‌ని చెడగొట్టింది నా చెయ్యి. ఇది రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. ర్యామ్ ఇంకా సొరుగులోనే ఉంది.