ఆరు తీగలూ ఒకేసారి కోసిన రోజు

ఆ రోజుల్లో నాకు అలసట అంటే ఏమిటో తెలియదని ఈ మధ్య అందరితోనూ చెబుతున్నాను గానీ, అది అబద్ధం. కదిరిలో బడి వదిలి, ముదిగుబ్బ దాటేదాకా బస్సులో నిలబడి, ధర్మవరంలో ఇల్లు చేరాక చెప్పులు విప్పే ఓపిక కూడా లేక గడప మీద కూలబడే ఈ వయసులో, అలసటను నేనే కనిపెట్టినట్టు మాట్లాడుతుంటాను. నిజానికి నేను అన్నిటికంటే ఎక్కువ అలసిపోయిన రోజు నా ఇరవయ్యో ఏట వచ్చి పోయింది. ఆ రోజు మూటలు మోయలేదు, మట్టి తవ్వలేదు. చాప మీద కూర్చుని ఒక ఎలక్ట్రిక్ గిటారుకు తీగలు మార్చాను, అంతే.

అప్పట్లో నేను హిందూపురంలో డిగ్రీ చదువుతున్నాను (అని ఇంట్లో చెప్పేవాణ్ణి). చదువుకంటే ఎక్కువగా, పెళ్లి రిసెప్షన్లలో పాటలు వాయించే ఒక ఆర్కెస్ట్రాలో వెనక వరసలో నిలబడి తంబురీను ఊపేవాణ్ణి. ఆర్కెస్ట్రా నడిపేది కీబోర్డు మామ. ముందు వరసలో ఎర్ర గిటారు పట్టుకుని వెలిగిపోయేది గిటారన్న. ఆ గిటారుకు ఒక సన్నని కమ్మి ఉండేది. దాన్ని పట్టుకుని ఊపితే స్వరం వణికేది. పాట ఏదైనా సరే, ఆడపిల్లలు కూర్చున్న వైపు తిరిగి ఆయన దాన్ని ఒకసారి ఊపకుండా ఉండేవాడు కాదు. ఆయన దగ్గరే నేనూ నాలుగైదు పాటలు నేర్చుకున్నాను, కమ్మి జోలికి పోకుండా. అలాంటి గిటారన్నకు పెళ్లి కుదిరింది. పెనుకొండలో రిసెప్షన్. వాయించేది మా ఆర్కెస్ట్రానే. పెళ్లికొడుకు సోఫాలో కూర్చోవాలి గనుక గిటారు ఎవరు పట్టుకోవాలన్న ప్రశ్న వచ్చింది.

"నువ్వే వాయించప్పా," అన్నాడు గిటారన్న నన్ను పక్కకు పిలిచి. "పెండ్లయినాక నేను బెంగళూరికి పోతాండా, ఇంక రాలేను. ఆ పొద్దు బాగా వాయిస్తివంటే ఈ గిటారు, నా చోటు రెండూ నీకే. లేదంటే మామ మడకశిర నుంచి ఎవరినో పిలిపించేకి చూస్తాండాడు." అని గిటారూ, కొత్త తీగల పొట్లమూ నా చేతిలో పెట్టాడు. "తీగలు తుప్పు పట్టినాయి. నాకు పెండ్లి పనులు. నువ్వే మార్చుకో." మార్చడం వచ్చా అని ఆయన అడగలేదు. రాదని నేనూ చెప్పలేదు. ముందు వరసలో నిలబడే చోటు ఎదురుగా కనిపిస్తుంటే ఎవరు మాత్రం చెబుతారు?

రిసెప్షన్ రోజు పొద్దున ధర్మవరంలో మా ఇంట్లో, నాయన నేసే మగ్గం పక్కనే చాప పరుచుకుని కూర్చున్నాను. మాది పట్టుచీరలు నేసే ఇల్లు. మగ్గం మీద చీర పూర్తయితే, కత్తెరతో ఈ అంచు నుంచి ఆ అంచు దాకా అడ్డంగా కోసి దింపుతాం. మా ఇంట్లో పదేళ్ల వయసు నుంచీ ఆ కోత నాదే. నేత పని నాకు అబ్బలేదు గానీ కోయడంలో మాత్రం నా అంతటివాడు లేడని నా నమ్మకం. ఆ నమ్మకంతోనే కత్తెర తీసుకుని, గిటారు మీద ఆరు తీగలనూ ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, చీరను కోసినట్టే కోసేశాను. లోపల ఏదో ఇనుము దబ్బుమని పడింది. మగ్గం చప్పుడు ఆగింది. మగ్గం కింది గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తున్న నాయన తల తిప్పాడు.

"ఏంరా ఆ శబ్దం?"

"ఏంలేదు నాయనా. తీగలు మారుస్తాండా."

"యా కత్తెరతో కోసినావు?"

"మన కత్తెరతోనే."

"పట్టు కోసే కత్తెర అది," అని మాత్రం అని నాయన మళ్లీ నేతలో పడ్డాడు. (దాని అంచు ఆ రోజు విరిగిన చోట ఇప్పటికీ పట్టు చిక్కుకుంటుంది.)

జరిగిందేమిటో ఫోనులో వీడియో మొదటి నుంచి చూశాక తెలిసింది. తీగలు ఆనుకునే ఇనుప పలక ఒకటి ఉంటుంది. ముందు నుంచి తీగలూ వెనక నుంచి స్ప్రింగులూ లాగుతుంటే అది మధ్యలో సమంగా నిలబడుతుంది. తీగలన్నీ ఒకేసారి తీసేస్తే స్ప్రింగులు దాన్ని లోపలికి లాగేసుకుంటాయి. అన్నీ ఒకేసారి తీయవద్దన్నది ఆ వీడియోలో మొట్టమొదటి మాట. ముందురోజు అదే వీడియోను, తీరిక లేదని నేను మొదటి నిమిషం దాటేసి చూశాను. సరే, కొత్త తీగలు ఎక్కించి శ్రుతి చేయడం మొదలుపెట్టాను. మొదటి తీగ సరిచేసి రెండో దానికి పోతే మొదటిది దిగిపోయేది. మూడోది బిగిస్తే ముందు రెండూ దిగిపోయేవి. ఆరోది అయ్యేసరికి మొదటిది ఎప్పుడూ శ్రుతి ఎరగనట్టు పడి ఉండేది. మళ్లీ మొదటికి. ఎనిమిదింటికి కూర్చున్నవాణ్ణి పన్నెండయినా లేవలేదు. వేళ్లు బొబ్బలెక్కాయి. మెడ పట్టేసింది. అమ్మ రాగిసంగటి తెచ్చి పెడితే, ముద్ద తుంచే ఓపిక లేక అలా చూస్తూ కూర్చున్నాను. మూడింటికి పెనుకొండ బస్సు ఎక్కాలి. మడకశిర నుంచి వచ్చే ఆ ఎవరో ఒకడు నా చోట్లో నిలబడి వాయిస్తున్నట్టు కళ్లకు కనిపిస్తున్నాడు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఏడుపు వచ్చింది.

నాయన మగ్గం దిగి, నడుము పట్టుకుంటూ వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. "అన్నీ ఒకేసారి కోసినావా?"

"చీర కోసినట్టే కోసినా."

"చీర కోసినాక పడుగు ఊడదీస్తామా రా? పాత పోగులు మగ్గంలోనే ఉండాల. వాటి కొసలకే కొత్త పోగులు ఒకటొకటి అతుకుతాం. అన్నీ పీకేస్తే మగ్గంలో ఇంకేముంటాది?" ఇరవై ఏళ్లు ఆ ఇంట్లో పెరిగి, ఆ అతుకులు వేసే ఆడవాళ్ల మధ్య అన్నం తిని, నేను చూసింది ఒక్క కోత మాత్రమేనని అప్పుడు తెలిసింది.

నాయన గిటారును బోర్లించి, వెనక మూత విప్పించి, స్ప్రింగుల వైపు చాలాసేపు చూశాడు. పాత మగ్గం చెక్క ఒకటి తెచ్చి, చెక్కి చెక్కి, పలక సమంగా నిలబడేలా లోపల బిగించాడు. "ముందు ఇది కదలకూడదు. ఇంక అన్నీ కొంచెం కొంచెం బిగించు. ఒకదాన్నే పూర్తిగా బిగించద్దు." నేను తీగలు బిగించే చెవులు తిప్పుతుంటే ఆయన పడుగు మీద చెయ్యి వేసినట్టు తీగల మీద అరచెయ్యి వేసి, కళ్లు మూసుకుని, "ఇది లూజుగా ఉండాది, ఇది బిర్రుగా ఉండాది," అని చెబుతూ పోయాడు. ఫోనులో శ్రుతి చూసుకుంటూ చివరి సవరింపు మాత్రం నేను చేశాను. అరగంటలో గిటారు శ్రుతిలో నిలబడింది. ఒక్క చిక్కు మిగిలింది. చెక్క అడ్డుపడి, గిటారన్న ముచ్చటపడే ఆ కమ్మి ఇక ఊగదు. నేను ఎలాగూ ఊపను కదా అనుకున్నాను.

పెనుకొండలో మూడు పాటలు వాయించాను. నాలుగో పాటకు పెళ్లికొడుకు ఉండబట్టలేక సోఫా దిగి, మెడలో దండతోనే వచ్చి గిటారు అందుకున్నాడు. పల్లవి అయ్యాక, అలవాటుగా ఆడపిల్లల వైపు తిరిగి (ఈసారి అక్కడ పెళ్లికూతురు ఉంది) కమ్మి పట్టుకుని ఊపాడు. అది కదల్లేదు. ఇంకోసారి లాగాడు. నా వైపు చూశాడు. నా ప్రాణాలు తంబురీను దగ్గరికి వెళ్లిపోయాయి. పాట ఎలాగో ముగించి, తీగలన్నీ ఒకసారి మీటి విన్నాడు.

"ఇది కదలకుండా ఎవరప్పా బిగించింది?" అన్నాడు. "కొన్నప్పటి నుంచి ఈ గిటారు ఇంతసేపు శ్రుతిలో నిలబడింది లేదు. మంచి పనితనం ఉండాది ఈ చేతిలో."

కీబోర్డు మామ కూడా నా వైపే చూస్తున్నాడు. "నేనే అన్నా," అన్నాను.

"అయితే నువ్వే రా ఇంక," అన్నాడు మామ. నా చోటు నాకు దక్కింది. రెండేళ్లు ఆ చోట్లో నిలబడ్డాను. తీగలు మార్చాల్సి వచ్చినప్పుడల్లా గిటారు ధర్మవరం తీసుకుపోయేవాణ్ణి, నాయన అరచెయ్యి వేసి చెప్పేవాడు, మెప్పు నాకు వచ్చేది. తరువాత ఆర్కెస్ట్రా చెదిరిపోయింది, నేను బడి పంతుల్నయ్యాను. ఆ "నేనే" అన్న మాట మాత్రం మనసులో ముల్లులా ఉండిపోయింది.

పోయిన నెల ఒక ఆదివారం, ఇక మోయలేక, టీ తాగుతూ నాయనకు చెప్పేశాను. ఆయన గ్లాసు ఊదుకుంటూ విన్నాడు. "చెప్పకపోయిందే మేలాయె లేరా. చెప్పింటే ఆ మామ నన్ను కూడా వ్యానులో ఎక్కించుకొని ఊరూరా తిప్పింటాడు. చీరలు ఎవరు నేస్తారు?" అన్నాడు. ఇన్నేళ్లు మోసిన బరువును ఒక్క గుక్కలో తాగేసినట్టయింది. తేలికపడ్డాను, కొంచెం చిన్నబుచ్చుకున్నాను కూడా.

టీ అయిపోయింది. ఆయన లేవలేదు. గ్లాసు చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు.

"అయినా, ఆ అన్న నిజంగానే అట్లన్నాడా? పనితనం అని?"

"అన్నాడు నాయనా."

"అందరి ముందరా?"

"అందరి ముందరే."

"ఏమన్నాడో ఇంకొకసారి చెప్పు."

మొదటి నుంచి మళ్లీ చెప్పాను. ఈసారి పెనుకొండ హాలులో చప్పట్లు కొంచెం ఎక్కువే కొట్టించాను.