వలలకు శ్లాబు, మనుషులకు షెడ్డు

ఎవరైనా దిద్దుకోవచ్చనే ఆ ఇంటర్నెట్ మ్యాపు మీద నాకు మొదట్లో ఏ కోపమూ లేదు. విడవలూరు అవతల, సముద్రం ఒడ్డునున్న మా పల్లెను అందులో చూసుకుని మురిసిపోయాను కూడా. నా కోపమంతా మా ఇళ్ళకు రకాలు అంటగట్టిన మనిషి మీద. నెల్లూరులో ఫ్యాను కింద కూర్చుని, పైనుంచి తీసిన ఫొటో చూసి, శ్లాబు కనిపిస్తే 'ఇల్లు' అనీ, తాటాకు కనిపిస్తే 'షెడ్డు' అనీ పెట్టేశాడు మహానుభావుడు.

మా దగ్గర సంగతి సరిగ్గా తలకిందులు. ఎప్పుడో తుఫాను తర్వాత కట్టించి ఇచ్చిన శ్లాబు ఇళ్ళు ఊరి వెనక వరసగా ఉంటాయి. పగలు వాటిలో ఉంటే ఉడికిపోతాం. అందుకే వలలు, ఐసు పెట్టెలు, ఎండు చేపలు వాటిలో పడేసి తాళం వేస్తాం. మనుషులం ఉండేది తాటాకు ఇళ్ళలో. మా పెద్దమ్మ కాపురానికి వచ్చింది అలాంటి ఇంటికే, ఇప్పటికీ ఉంటున్నది అందులోనే.

మ్యాపులో దాన్ని 'ఇల్లు' అని మార్చాను. సాయంత్రానికల్లా మళ్ళీ షెడ్డు చేశాడు. మళ్ళీ మార్చాను. "నిబంధనల ప్రకారం చేస్తున్నాను, దయచేసి మ్యాపు పాడుచేయకండి" అని రాశాడు. మా ఇంటిని నేను పాడుచేస్తున్నానట! ఒళ్ళు మండిపోయింది.

మొన్న వాయుగుండం పట్టినప్పుడు జనాన్ని తరలించడానికి బస్సు వచ్చింది. కొత్త డ్రైవరు ఆ మ్యాపునే నమ్ముకుని శ్లాబు ఇళ్ళ ముందు ఆపి, గాలి హోరులో మాకు వినపడని హారన్ కొట్టి, తాళాలు చూసి, అందరూ ముందే వెళ్ళిపోయారనుకుని తిరిగిపోయాడు. మోకాళ్ళ నొప్పులతో పెద్దమ్మ నా భుజం పట్టుకుని, జోరువానలో బడి దాకా నడిచింది. దారి పొడవునా నేను ఆ నెల్లూరు మనిషిని తిట్టని తిట్టు లేదు. వాన తెరిపివ్వగానే "దమ్ముంటే వచ్చి చూడు" అని రాశాను.

వచ్చాడు, మిట్టమధ్యాహ్నం, బండి మీద. "నువ్వు రాసిన ఇల్లు ఇదే, లోపలికి పో" అని శ్లాబింటి తాళం తీసి, గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. చేపల కంపు, ఉక్క.

"అక్కా, ఊపిరాడటంలేదు, జరుగు" అన్నాడు కాసేపటికే. నాకు జాలి కలగలేదు.

బయటపడ్డవాడు నీడ వెతుక్కుంటూ నేరుగా పెద్దమ్మ తాటాకింట్లోకి దూరి, మంచం మీద కూలబడ్డాడు. "అవ్వా, కొంచెం నీళ్ళు."

పెద్దమ్మ కుండలోంచి చెంబు ముంచింది కానీ చేతికివ్వలేదు.

"షెడ్డులో నీళ్ళు యాడుంటాయి నాయనా? ముందు ఇల్లని రాయి. ఈసారి వానొస్తే బస్సు నా కాడికి రావాల."

అతను ఫోను తీసి, ఆమె చూస్తుండగానే మార్చాడు. చెయ్యి చాపాడు.

పెద్దమ్మ చెంబు వెనక్కి లాక్కుంది. "పక్కిల్లో?"