పదకొండున్నర ఎడమ బూటు

కాలేజీ మైదానం గ్యాలరీ కింద, మెట్లు దిగి కుడిచేతి వైపు తిరిగితే వచ్చే కిటికీ లేని గది క్లియోఫస్ టార్వర్‌ది. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు హెల్మెట్లూ, భుజాల కవచాలూ, బూట్లూ ఆయన చేతుల మీదుగానే వచ్చి పోతున్నాయి. కుర్రాళ్ళంతా ఆయన్ని బాబాయ్ అంటారు. భార్య పోయింది, పిల్లలు లేరు. మిసిసిపీలో ఆ మూల పెరిగిన ఏ ఆటగాడి ముఖమైనా మరిచిపోతాడేమో గానీ, పాదం మాత్రం మరిచిపోడు.

వాళ్ళందరిలోనూ జారెల్ పిట్‌మన్ అంటే ఆయనకు ప్రాణం. జారెల్ రన్నింగ్ బ్యాక్. అంటే బంతిని చంకలో ఇరికించుకుని, మీద పడే పదకొండు మందిని తోసుకుంటూ పరుగెత్తడమే పని. నాలుగేళ్ళలో ఏడు వందల సార్లు బంతి మోశాడు. ఇంత అన్యాయమైన పని ఇంకొకటి ఉండదు. కాలేజీకి ఎంత బాగా పరుగెత్తితే ఒళ్ళు అంతగా అరిగిపోతుంది. తీరా డబ్బులిచ్చే పెద్ద జట్ల ముందు నిలబడేసరికి, వీడి కాళ్ళలో ఇంకా ఏం మిగిలిందని వాళ్ళు లెక్కలు వేస్తారు.

ఆ లెక్కలు వేసేవాళ్ళలో ఒకడు గార్లండ్ మీక్స్. ఒక పెద్ద జట్టు తరఫున ఊరూరా తిరిగి కుర్రాళ్ళను బేరీజు వేస్తాడు. గట్టివాడు. కోచ్‌ల మాట వినడు, నేరుగా బూట్ల గదికి వెళతాడు. మార్చి నెలలో ఒక మధ్యాహ్నం, ఉడకబెట్టిన వేరుశెనక్కాయల పొట్లం పట్టుకుని క్లియో ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"మీ కోచ్‌ని అడిగితే ప్రతివాడూ వజ్రమే అంటాడు. నువ్వు చెప్పు క్లియో, ఈ జారెల్ సంగతేంటి?"

తన మాటకు అంత విలువ ఇచ్చినందుకు క్లియో ఉబ్బితబ్బిబ్బయ్యాడు.

"సంగతేంటంటావేంటయ్యా! వాడు బంగారం. నాలుగేళ్ళలో ఒక్కరోజు ప్రాక్టీసు ఎగ్గొడితే ఒట్టు. మొన్న అక్టోబరులో ఎడమ పాదం వాచిపోయి బూటు పట్టక, చడీచప్పుడు లేకుండా నా దగ్గరికొచ్చాడు. అప్పట్నుంచీ కుడికి పదకొండు సైజు, ఎడమకి పదకొండున్నర. రెండు జతలు విడగొట్టి వాడికో జత చేసిస్తున్నా. అయినా తగ్గాడా? ఆఖరాటలో నూట అరవై గజాలు! అదీ గుండె ధైర్యమంటే."

మీక్స్ నమలడం ఆపాడు. "అక్టోబరు నుంచా?"

"అక్టోబరు నుంచే. ఎక్కడ బెంచీ మీద కూచోబెడతారోనని డాక్టరుకి కూడా చెప్పలేదు, వెధవ!"

మీక్స్ చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. గుండె ధైర్యం అనే రాసుకున్నాడని క్లియో అనుకున్నాడు. ఆ సంతోషంలో పొట్లంలో మిగిలిన కాయలన్నీ ఆయనే తినేశాడు. పిచ్చి మనిషి!

రెండు వారాలకు జారెల్ ఎడమ పాదానికి ఎక్స్‌రేలు తీయించమని మీక్స్ జట్టు నుంచి కబురొచ్చింది. పాదం మధ్య ఎముక చిట్లి, సరిగ్గా అతక్కుండానే ఉంది. ఒక జట్టుకు తెలిసింది మిగతా జట్లకు తెలియడానికి ఎంతసేపు? అంతవరకు ఏప్రిల్ ఎంపికలో మూడో విడతకే తీసుకుంటారన్న కుర్రాడి పేరు ఎత్తడమే మానేశారు.

ఏప్రిల్‌లో పెద్ద జట్లు విడతలవారీగా ఎంచుకుని కుర్రాళ్ళకు ఫోన్లు చేసే ఆ మూడు రోజులూ జారెల్ నాయనమ్మ ఎర్లీన్ ఇంట్లో జనం కిటకిటలాడారు. క్లియో చర్చిలో ఎర్లీన్‌ను అక్కా అని పిలుస్తాడు, అందుకే వంటింటి గుమ్మం దగ్గర కుర్చీ ఆయనదే. వేయించిన చేపలు, బంగాళాదుంప సలాడ్, మధ్యలో బల్ల మీద జారెల్ ఫోను. శనివారం సాయంత్రం ఆఖరి విడత నడుస్తుండగా అది మోగింది. ఇల్లంతా ఒక్కసారి లేచి నిలబడింది.

అవతల పాస్టరు. ఏమైనా తెలిసిందా అని అడిగాడు.

"ప్రార్థన చేసుకోండి పాస్టరుగారూ, లైను మాత్రం వదలండి!" అని ఎర్లీన్ కేక వేసింది. అందరూ నవ్వారు. జారెల్ కూడా నవ్వాడు. ఆ నవ్వు చూసి క్లియో చేపల పళ్ళెం కింద పెట్టేశాడు.

మళ్ళీ ఫోను మోగలేదు. ఎంపిక కానివాళ్ళను కూడా ఒక్కోసారి చూద్దాం రమ్మంటారు. ఆ పిలుపు కూడా రాలేదు.

సోమవారం జారెల్ సామాను అప్పగించడానికి వచ్చాడు. హెల్మెట్, కవచాలు, చివరగా ఆ బూట్లు బల్ల మీద పెట్టాడు. క్లియో ఇక ఆపుకోలేకపోయాడు.

"నేనేరా చెప్పింది. మీక్స్‌కి. నిన్ను పొగుడుతున్నాననుకున్నానురా."

జారెల్ ఎడమ బూటును ముందుకు నెట్టాడు. "నీకొక్కడికే చెప్పాను బాబాయ్. అదీ బూటు కోసం."

"తిట్టరా. నాలుగు తిట్టి పో."

"పొగడ్డానికే చెప్పావని తెలుసు. అందుకే తిట్టలేకపోతున్నా."

వాడు మెట్లెక్కి వెళ్ళిపోయాడు. విడగొట్టిన జతల్లో మిగిలిన బూట్లు పై అరలో తొమ్మిది పెట్టెలున్నాయి. కుడికి పదకొండున్నర, ఎడమకి పదకొండు. అలాంటి కాళ్ళున్నవాడు ఆ గదిలోకి ఎప్పుడూ రాలేదు. క్లియో వాటిని పారేయనూ లేడు, చూడనూ లేడు.

వేసవి చివర్లో జారెల్ చేపలు కోసే ఫ్యాక్టరీలో చేరాడని తెలిసింది. పది గంటలు తడి నేల మీద నిలబడే పని. క్లియో రెండు జతల రబ్బరు బూట్లు కొన్నాడు. కుడి పదకొండు, ఎడమ పదకొండున్నర తీసి ఒక పెట్టెలో పెట్టి, ఆదివారం చర్చి వాకిట్లో ఎర్లీన్ చేతికిచ్చాడు.

ఆమె మూత తీసి చూసి, మళ్ళీ వేసేసింది.

"అక్కడ అందరికీ వాళ్ళే ఇస్తారు తమ్ముడూ. వీడు రెండు కాళ్ళకీ పదకొండే తీసుకున్నాడు. కాలు బాగోలేదంటే పన్లోంచి తీసేస్తారని ఎవరికీ చెప్పలేదు." ఆమె అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "నువ్వు కూడా ఎవరితోనూ అనకేం?"

"అననక్కా," అన్నాడు క్లియో.